గేర్‌బాక్స్ దించే ముందు: పాత కారులో వింత చప్పుడు ఎక్కడిదో పట్టుకోవడం ఎలా

పాత కారు కింద కొత్తగా ఏదో మోత మొదలైందంటే అందరి అనుమానం ముందు గేర్‌బాక్స్ మీదికే పోతుంది. దాన్ని దించడం చిన్న పని కాదు, ఖర్చూ తక్కువ కాదు. తీరా దించి విప్పాక లోపల అన్నీ బాగానే ఉండి, ఇంతసేపూ గోల చేసింది వీల్ బేరింగో, ఎగుడుదిగుడుగా అరిగిన టైరో, తెగిన మౌంటో (ఇంజిన్‌ను, గేర్‌బాక్స్‌ను పట్టుకునే రబ్బరు దిమ్మ) అని తేలితే పెట్టిన డబ్బు తిరిగి రాదు. ఇలాంటివి జరుగుతూనే ఉంటాయి. అందుకే గేర్‌బాక్స్ విప్పడం చివరి మెట్టు కావాలని గట్టిగా చెప్తాను.

చప్పుడు ఎలా ఉందన్న దానికంటే, ఏం చేస్తే అది మారుతోందన్నదే ఎక్కువ చెప్తుంది. ఇంజిన్ వేగంతో మారుతోందా? క్లచ్ తొక్కితే మారుతోందా? గేరు మారిస్తే మారుతోందా? చక్రాల వేగంతో మారుతోందా? ఈ నాలుగింటికీ సమాధానం దొరికితే పానా పట్టుకోకముందే వెతకాల్సిన చోటు చాలావరకు ఇరుకైపోతుంది. కింద చెప్పే పరీక్షలన్నీ ఈ ప్రశ్నల కోసమే.

ముందు కాగితం, పెన్ను

మొదటి రోజు ఏమీ విప్పొద్దు. కారు నడిపి రాసుకోండి. ఉదయం చల్లగా ఉన్నప్పుడు వస్తోందా, అరగంట నడిపాక వస్తోందా? నిలబడి ఉన్నప్పుడా, కదులుతున్నప్పుడా? ఏ గేరులో, ఎంత వేగం దగ్గర? యాక్సిలరేటర్ తొక్కినప్పుడు పెరుగుతోందా, వదిలేసినప్పుడు పెరుగుతోందా? తిన్నగా పోతున్నప్పుడా, మలుపులోనా? పక్కన ఒకరు కూర్చుని ఫోన్‌లో రికార్డు చేస్తే ఇంకా మంచిది. నడిపేవాళ్లు మాత్రం ఫోన్ ముట్టుకోవద్దు.

ఇంకో ప్రశ్న కూడా రాసుకోండి, దీన్ని చాలామంది మర్చిపోతారు: చప్పుడు మొదలవడానికి ముందు కారుకు ఏం పని జరిగింది? కొత్త క్లచ్ వేసిన వారానికే కీచుమంటే రిలీజ్ బేరింగ్ (పెడలు తొక్కినప్పుడు క్లచ్‌ను విడదీసేది), దాన్ని నెట్టే ఫోర్కు చూడాలి. ముందు చక్రాలతో నడిచే కారులో యాక్సిల్ షాఫ్ట్ మార్చాక ఊళ మొదలైతే నా మొదటి అనుమానం ఆయిల్ మీదే. యాక్సిల్ లాగినప్పుడు చాలా కార్లలో గేర్‌బాక్స్ ఆయిల్ కారిపోతుంది. పని ముగించాక లెవెల్ చూసి నింపకపోతే అది ఆయిల్ లేకుండానే తిరుగుతూ ఉంటుంది. కొత్త టైర్లు వేశాక హోరు మొదలైతే టైర్లే చూడాలి.

చప్పుడు తీరు కూడా కొంత దారి చూపిస్తుంది. గుయ్యిమని సన్నగా, వేగంతో పాటు గొంతు పెంచే ఊళ సాధారణంగా గేరు పళ్లది. ఆటోమేటిక్‌లో అయితే పంపుది కూడా కావచ్చు. గరగరమనే మోత బేరింగులది. లెక్క తప్పకుండా టకటకమంటే విరిగిన పన్నో, సీవీ జాయింటో (యాక్సిల్ చివర వంగుతూ తిరిగే కీలు). గలగల అంటే వదులుగా ఉన్నదేదో అదురుతోంది. కదిలేటప్పుడు ఒక్కసారి ఠక్కుమంటే మౌంట్లు, క్రాస్ బేరింగులు (గేర్‌బాక్స్ నుంచి వెనక చక్రాల వైపు పోయే ప్రొపెల్లర్ షాఫ్ట్ కీళ్లలోవి). ఇవన్నీ అనుమానాలే. వీటి మీద ఆధారపడి సామాను కొనొద్దు.

గేర్‌బాక్స్ కానివాటిని పక్కకు తీయండి

ముందు కారును నిలబెట్టి, న్యూట్రల్‌లో ఉంచి, రోడ్డు మీద చప్పుడు వచ్చిన ఇంజిన్ వేగానికి తీసుకెళ్లండి. అదే చప్పుడు వస్తే చక్రాలకు, డిఫరెన్షియల్‌కు (రెండు చక్రాలకూ శక్తిని పంచే గేర్ల సెట్టు), యాక్సిళ్లకు సంబంధం లేదు. ఇంజిన్, బెల్టులు, ఆల్టర్నేటర్, క్లచ్, గేర్‌బాక్స్ ముందు భాగం మాత్రమే మిగులుతాయి. ఎగ్జాస్ట్ మీద ఉండే పల్చటి రేకు కవచం తుప్పు పట్టి వదులైతే ఒక ప్రత్యేక వేగం దగ్గర గలగలలాడుతుంది. అచ్చం గేర్‌బాక్స్‌లోంచి వచ్చినట్టే ఉంటుంది. ఇంజిన్ పూర్తిగా చల్లారాక దాన్ని చేత్తో తట్టి చూడండి, చిన్న క్లాంపుతో పోయే జబ్బు ఇది.

నిలబెడితే చప్పుడు రాకపోతే ఖాళీగా ఉన్న తిన్నటి రోడ్డుకు వెళ్లండి. ఒకే వేగంలో, గంటకు 50 కిలోమీటర్లనుకుందాం, మూడో గేరులో కాసేపు, నాలుగో గేరులో కాసేపు నడపండి. రెండింటిలోనూ చప్పుడు ఒకే స్థాయిలో ఉంటే అది చక్రాల వేగాన్ని అనుసరిస్తోందని అర్థం. గేరు పెంచి ఇంజిన్ నెమ్మదించగానే చప్పుడు గొంతు కూడా దిగితే అది ఇంజిన్ వైపుది. తర్వాత అదే వేగంలో న్యూట్రల్ వేసి, ఇంజిన్ నడుస్తూ ఉండగానే కారును కొద్దిసేపు దొర్లనివ్వండి. ఇంజిన్ ఆపొద్దు. ఆపితే బ్రేకుకు, స్టీరింగుకు సాయం ఉండదు, తాళం తీస్తే స్టీరింగ్ బిగుసుకుపోవచ్చు కూడా. దొర్లుతున్నప్పుడు కూడా చప్పుడు అలాగే ఉంటే టైర్లు, వీల్ బేరింగులు ముందు చూడాలి.

వీల్ బేరింగును పట్టడానికి సులువైన పద్ధతి ఉంది. రోడ్డు వెడల్పుగా, ఖాళీగా ఉన్నచోట మధ్యస్థ వేగంలో స్టీరింగును మెల్లగా ఎడమకూ కుడికీ ఊపండి. ఎడమకు తిప్పితే బరువు కుడి చక్రాల మీద పడుతుంది. అప్పుడు మోత పెరిగి, కుడికి తిప్పినప్పుడు తగ్గితే కుడివైపు బేరింగును అనుమానించాలి. టైరు చప్పుడు ఇలా మారదు, రోడ్డు ఉపరితలం మారితే మారుతుంది. కొత్త నున్నటి తారు మీద తగ్గి, గరుకు సిమెంటు మీద పెరిగితే టైరే. టైరు మీద అరచేత్తో ఒకవైపు, మళ్లీ ఎదురువైపు రాసి చూడండి. ఒకవైపు నున్నగా, ఎదురువైపు రంపంలా తగిలితే ఆ హోరు దానిదే కావచ్చు.

కేబుల్‌తో తిరిగే స్పీడోమీటరు ఉన్న పాత కార్లకు ఒక మాట. ఆ కేబుల్ ఎండిపోతే నెమ్మది వేగంలో టకటకమని, ఒక్కోసారి కీచుమని అరుస్తుంది. అది గేర్‌బాక్స్‌లోంచే బయల్దేరుతుంది కాబట్టి మోసపోవడం తేలిక. చప్పుడుతో పాటు మీటరు ముల్లు కూడా వణుకుతుంటే ముందు కేబుల్ ఊడదీసి ఒకసారి నడిపి చూడండి.

లెక్కబెట్టగలిగే చప్పుళ్లు

టకటకలను లెక్కబెట్టొచ్చు. ఈ పని చేసేవాళ్లు తక్కువ, కానీ ఇది ఇచ్చినంత సమాచారం మరేదీ ఇవ్వదు.

మామూలు చిన్న కారు టైరు చుట్టుకొలత 1.8 మీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. గంటకు 10 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు సుమారు 2.8 మీటర్లు. అంటే చక్రం రెండు సెకన్లకు మూడు చుట్లు తిరుగుతుంది. ఆ వేగంలో కిటికీ దించి వినండి. రెండు సెకన్లకు మూడు టకటకలు వినిపిస్తే తప్పు చక్రంతో సమానంగా తిరిగేదానిలో ఉంది. అంటే టైరులో దిగిన మేకు, యాక్సిల్ జాయింటు, లేదా డిఫరెన్షియల్‌లోని క్రౌన్ చక్రంలో విరిగిన పన్ను.

అదే రెండు సెకన్లలో పన్నెండు, పదమూడు వినిపిస్తే? క్రౌన్ చక్రం, దాన్ని తిప్పే చిన్న గేరు పినియన్‌ల నిష్పత్తి 4.1 అయితే చక్రం ఒక్క చుట్టు తిరిగేలోగా పినియన్ నాలుగు చుట్లకు పైగా తిరుగుతుంది. అప్పుడు పినియన్, దాన్ని తిప్పే ప్రొపెల్లర్ షాఫ్ట్, ముందు చక్రాల కారులో అయితే గేర్‌బాక్స్ ఔట్‌పుట్ షాఫ్ట్ వైపు చూడాలి. మీ కారు నిష్పత్తి సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది. చక్రం చుట్టుకొలత కొలవడానికి టైరు మీద సుద్దగీత పెట్టి, కారును ఒక చుట్టు తోసి, నేల మీద టేపు పెడితే చాలు.

మాన్యువల్ గేర్‌బాక్స్: క్లచ్ పెడలుతో పరీక్ష

ఈ మొత్తంలో ఎక్కువ విలువైన పరీక్ష ఇదే. దీనికి కారు కదలాల్సిన అవసరం కూడా లేదు. చదును నేల, హ్యాండ్‌బ్రేకు, ఇంజిన్ వేడెక్కి నెమ్మదిగా నడుస్తూ ఉండటం, రేడియో, ఏసీ రెండూ ఆపి ఉండటం చాలు.

న్యూట్రల్‌లో, పెడలు మీద కాలు లేనప్పుడు లోపల ఏం జరుగుతోందో ముందు ఊహించుకోండి. క్లచ్ కలిసే ఉంది కాబట్టి ఇన్‌పుట్ షాఫ్ట్ (ఇంజిన్ శక్తిని గేర్‌బాక్స్‌లోకి తెచ్చే కడ్డీ) ఇంజిన్‌తో పాటు తిరుగుతోంది. సాధారణంగా వెనక చక్రాల కార్లలో అది దాని పక్కన గేర్లను మోసే కౌంటర్ షాఫ్ట్‌నూ తిప్పుతోంది. గేర్లన్నీ ఒకదానితో ఒకటి కలిసి తిరుగుతూనే ఉన్నాయి, ఏదీ లాక్ కాలేదు కాబట్టి చక్రాలకు కదలిక లేదు. ఈ స్థితిలో గరగర వినిపించి, పెడలు పూర్తిగా తొక్కాక రెండు క్షణాల్లో అణిగిపోతే ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగు, కౌంటర్ షాఫ్ట్ బేరింగులు అనుమానితులు. పెడలు తొక్కితే అవన్నీ ఆగిపోతాయి కదా.

ఇప్పుడు దీనికి ఎదురు పరీక్ష. కాలు పెడలు మీద చాలా తేలిగ్గా, దాని ఖాళీ కదలిక అయిపోయే వరకు మాత్రమే ఆనించండి. సరిగ్గా అక్కడ కీచుమనో, గరగరమనో మొదలైతే అది రిలీజ్ బేరింగు. అది క్లచ్‌ను నొక్కి ఉంచే ప్రెషర్ ప్లేటు స్ప్రింగు వేళ్లను తాకిన క్షణమది. హైడ్రాలిక్ క్లచ్ ఉన్న చాలా కార్లలో ఈ బేరింగు ఎప్పుడూ ప్లేటుకు ఆనుకునే తిరుగుతుంది. వాటిలో కథ తిరగబడొచ్చు: కాలు తీసినప్పుడు చిరుకీచు, తేలిగ్గా ఆనిస్తే నిశ్శబ్దం. రెండు సందర్భాల్లోనూ ముఖ్యమైన విషయం ఒక్కటే, పెడలు మొదటి అంగుళంలోనే మార్పు రావడం.

పెడలు చివరికంటా తొక్కినప్పుడు మాత్రమే చప్పుడు వస్తే పైలట్ బేరింగు గుర్తుకు రావాలి. ఇది ఇంజిన్ క్రాంక్ షాఫ్ట్ చివర ఉండి ఇన్‌పుట్ షాఫ్ట్ కొసను మోస్తుంది. రెండూ కలిసి తిరుగుతున్నంతసేపూ దానికి పని లేదు. క్లచ్ విడిపోయి ఒకటి తిరుగుతూ, రెండోది ఆగినప్పుడే అది తిరుగుతుంది. దాన్ని బయటపెట్టాలంటే బ్రేకు తొక్కి, క్లచ్ పూర్తిగా తొక్కి, మొదటి గేరు వేసి అలాగే పట్టుకోండి. ఇన్‌పుట్ షాఫ్ట్ చక్రాలకు కట్టుబడి పూర్తిగా ఆగిపోతుంది, పైలట్ బేరింగు మీద పూర్తి ఇంజిన్ వేగం పడుతుంది. మోత అప్పుడు గరిష్ఠమైతే జవాబు దొరికినట్టే. ముందు చక్రాల కార్లు చాలావాటిలో అసలు పైలట్ బేరింగే ఉండదు, కాబట్టి సర్వీస్ మాన్యువల్ చూసుకుని ఈ మాట అనండి.

న్యూట్రల్‌లో వినిపించే సన్నటి గలగల మాత్రం వేరు. ఇంజిన్ వేగం కొద్దిగా పెంచగానే అది మాయమైతే, లోపల భారం లేకుండా తిరిగే గేర్ల పళ్లు ఒకదాన్నొకటి తాకుతున్న చప్పుడది. వయసు పైబడిన గేర్‌బాక్సుల్లో మామూలే. ఇంజిన్ నెమ్మది వేగం సరిగ్గా లేకపోయినా, క్లచ్ ప్లేటు స్ప్రింగులు వదులైనా పెరుగుతుంది. డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ (మధ్యలో స్ప్రింగులతో రెండు ముక్కలుగా ఉండే ఫ్లైవీల్) ఉన్న కారులో ఇంజిన్ ఆపేటప్పుడు దడదడమని కొట్టుకుంటే ఆ ఫ్లైవీల్ ఆయుష్షు దగ్గర పడుతున్నట్టే.

రివర్స్ గేరు ఊళకు కంగారు పడొద్దు. చాలా కార్లలో రివర్స్ పళ్లు తిన్నగా కోసి ఉంటాయి, మిగతావి ఏటవాలుగా ఉంటాయి. తిన్నటి పళ్లు అరుస్తాయి. కొత్త కారులోనూ అరుస్తాయి. అయితే రివర్స్ వేసేటప్పుడు కర్రుమంటే క్లచ్ తొక్కి నాలుగైదు సెకన్లు ఆగి వేయండి. అప్పటికీ కర్రుమంటే క్లచ్ పూర్తిగా విడిపోవడం లేదు. గేర్‌బాక్స్ కంటే ముందు క్లచ్ ఫ్లూయిడ్, కేబుల్, మాస్టర్ సిలిండరు చూడాలి.

నడుస్తుండగా, గేరు గేరుకూ

ప్రతి గేరులోనూ మూడు పనులు చేయండి: కొంచెం తొక్కి లాగించడం, ఒకే వేగంలో నిలపడం, కాలు తీసేసి ఇంజిన్‌తోనే నెమ్మదించడం. ఒక్కో గేరు ఎదురుగా ఈ మూడింటినీ రాసుకోండి. రాసుకున్న కాగితం చూస్తే ఆకారం తేలిపోతుంది.

ఒక్క గేరులోనే ఊళ ఉంటే ఆ గేరు పళ్లు, లేదా అది తిరిగే సూది బేరింగు. లాగినప్పుడు మాత్రమే ఉండి వదిలినప్పుడు లేకపోతే ఆ పళ్లకు ఒకవైపు ముఖం అరిగిందని. అన్ని గేర్లలోనూ ఉంటే షాఫ్ట్ బేరింగులు, లేదా ఆయిల్ తక్కువ. ఇంజిన్ కారు పొడవునా ఉండి వెనక చక్రాలతో నడిచే పాత కార్లలో ఇంకో ఆధారం దొరుకుతుంది. వాటిలో చాలావాటికి నాలుగో గేరు డైరెక్ట్: ఇన్‌పుట్ షాఫ్ట్, ఔట్‌పుట్ షాఫ్ట్ నేరుగా లాక్ అవుతాయి, కౌంటర్ షాఫ్ట్ ఊరికే తిరుగుతుంది తప్ప బరువు మోయదు. మిగతా గేర్లలో మూలిగి నాలుగులో మౌనంగా ఉంటే కౌంటర్ షాఫ్ట్ బేరింగులో, గేర్లో అని చాలా ధీమాగా చెప్పొచ్చు. ఇంజిన్ అడ్డంగా ఉండే ముందు చక్రాల కార్లకు ఈ సౌకర్యం లేదు, ఏ గేరులోనైనా బరువు రెండు షాఫ్టుల మీదా పడుతుంది.

అన్ని గేర్లలోనూ రోడ్డు వేగాన్ని మాత్రమే అనుసరిస్తూ, లాగినప్పుడు ఒక గొంతుతో, వదిలినప్పుడు ఇంకో గొంతుతో ఊళ పెడితే క్రౌన్ పినియన్ వైపు చూడాలి.

గేరు వేసేటప్పుడు మాత్రమే కర్రుమంటే అది సింక్రో రింగు (గేరు పడే ముందు వేగాలను కలిపేది) సంగతి కావచ్చు. రెండో గేరులో ఇది ఎక్కువ. తేల్చుకోవడానికి డబుల్ క్లచ్ చేయండి: క్లచ్ తొక్కి న్యూట్రల్, క్లచ్ వదిలి ఇంజిన్ వేగాన్ని కుదిర్చి, మళ్లీ తొక్కి గేరు. ఇలా చేస్తే మెత్తగా పడుతుంటే సింక్రో అరిగింది. ఎలా వేసినా, ఏ గేరైనా కర్రుమంటే మళ్లీ క్లచ్ దగ్గరికే వెళ్లాలి. కాలు తీసినప్పుడు గేరు దానంతట అదే ఊడి న్యూట్రల్‌లో పడుతుంటే ముందు మౌంట్లు, తర్వాత గేర్ లివర్ లింకులు, చివరికి లోపలి భాగాలు చూడండి.

ముందు చక్రాల కారును ఖాళీ మైదానంలో స్టీరింగ్ పూర్తిగా తిప్పి, మెల్లగా యాక్సిలరేటర్ ఇస్తూ గుండ్రంగా నడపండి. టకటకమంటే బయటి సీవీ జాయింటు. దాని రబ్బరు బూటు చిరిగి, గ్రీజు చక్రం లోపలివైపు చిమ్మి కనబడటం దానికి సాక్ష్యం. లోపలి జాయింటు అయితే టకటకకు బదులు లాగేటప్పుడు వణుకు పుట్టిస్తుంది. వెనక చక్రాల కారులో నెమ్మదిగా పోతుంటే లయగా కీచుకీచుమనడం, కదిలే క్షణంలో ఠక్కుమనడం క్రాస్ బేరింగుల లక్షణం. ఇంజిన్ ఆపి, చక్రాలకు అడ్డుపెట్టి, షాఫ్టును చేత్తో మెలితిప్పి చూడండి. క్రాస్ కప్పుల అంచున ఎర్రటి తుప్పు పొడి రాలి ఉంటే దాని లోపల గ్రీజు ఎప్పుడో ఎండిపోయింది.

ఆటోమేటిక్ అయితే

ఇక్కడ ఫ్లూయిడ్ చూడకుండా ఏ మాటా అనకూడదు. డిప్‌స్టిక్ ఉన్న కార్లలో ఎక్కువ వాటికి బాగా వేడెక్కాక, చదును నేల మీద, ఇంజిన్ నడుస్తుండగా, పార్కులో ఉంచి చూడాలి. కొన్ని కంపెనీల కార్లకు ఇంజిన్ ఆపిన వెంటనే చూడాలి. సర్వీస్ మాన్యువల్ ఏం చెప్తే అదే. డిప్‌స్టిక్ లేనివాటిలో కంపెనీ చెప్పిన ఉష్ణోగ్రత దగ్గర కింద బోల్టు తీసి చూసే పద్ధతి ఉంటుంది, అది లిఫ్ట్ ఉన్న వర్క్‌షాపు పని.

తెల్లటి కాగితం మీద రెండు చుక్కలు వేయండి. ఎర్రగా, పారదర్శకంగా ఉంటే మంచిది. కొన్ని రకాల ఫ్లూయిడ్లకు మొదటి నుంచీ వేరే రంగు ఉంటుందని గుర్తుంచుకోండి. ముదురు గోధుమరంగుతో మాడు వాసన వస్తే లోపలి క్లచ్ ప్లేట్లు కాలుతున్నాయి. గులాబీరంగు పాలలా ఉంటే రేడియేటరులోని కూలరు చిల్లిపడి కూలెంట్ కలిసింది. ఆ కారును ఇంకో కిలోమీటరు కూడా నడపొద్దు.

పార్కు, న్యూట్రల్, డ్రైవ్ అన్నింటిలోనూ ఇంజిన్ వేగంతో పెరిగే ఊళ ఫ్లూయిడ్ తక్కువైనప్పుడు, ఫిల్టరు మూసుకుపోయినప్పుడు, పంపు అరిగినప్పుడు వస్తుంది. ఈ క్రమంలోనే చూడండి, చవకది ముందు. బ్రేకు తొక్కి డ్రైవ్‌లో నిలబడ్డప్పుడు గరగరమని, న్యూట్రల్ వేస్తే తగ్గిపోతే టార్క్ కన్వర్టరులోని (ఆటోమేటిక్‌లో క్లచ్‌కు బదులు ఫ్లూయిడ్‌తో శక్తిని అందించేది) బేరింగును అనుమానించాలి. డ్రైవ్‌లో నిలబడ్డప్పుడు దాని ఒక సగం ఆగి, రెండో సగం తిరుగుతుంది. కొన్ని గేర్లలో ఊళ, నిష్పత్తి 1 అయిన గేరులో మౌనం ఉంటే ప్లానెటరీ గేర్ల సెట్టు (మధ్య గేరు చుట్టూ చిన్న గేర్లు తిరిగే అమరిక). ఆ గేరులో సెట్టంతా ఒకే ముద్దగా తిరుగుతుంది కాబట్టి పళ్ల మధ్య రాపిడి ఉండదు.

ఇంజిన్ లోపలి కనెక్టింగ్ రాడ్ కొట్టుకుంటున్నట్టు వినిపించే చప్పుడు ఇంజిన్‌ను టార్క్ కన్వర్టరుతో కలిపే ఫ్లెక్స్ ప్లేటు పగులుదో, దాని బోల్టులు వదులవడమో కావచ్చు. ఇంజిన్ విప్పమని ఎవరైనా అంటే ముందు బెల్ హౌసింగ్ (ఇంజిన్‌కు, గేర్‌బాక్స్‌కు మధ్య గంట ఆకారపు కవచం) కింది చిన్న కవరు తీసి ఇది చూడమని అడగండి. మితమైన స్థిర వేగంలో గరుకు రోడ్డు మీద పోతున్నట్టు సన్నగా వణికి, కాలు బ్రేకు మీద ఆనీ ఆననట్టు పెట్టగానే పోతే లాకప్ క్లచ్ (టార్క్ కన్వర్టరు రెండు సగాలనూ కలిపి బిగించేది), లేదా పాతబడ్డ ఫ్లూయిడ్. చాలా కార్లలో బ్రేకు లైటు వెలగ్గానే లాకప్ విడిపోతుంది, ఈ పరీక్ష దాని మీదే పనిచేస్తుంది. సీవీటీ గేర్‌బాక్సుకు (విడి గేర్లు లేకుండా నిష్పత్తి నిరంతరం మారేది) దాని సొంత ఫ్లూయిడ్ తప్ప మరొకటి పోయకూడదు.

కారు కిందికి వెళ్లేటప్పుడు

జాకీ ఒక్కదాని మీద నిలబెట్టిన కారు కిందికి ఎవరూ తల కూడా పెట్టొద్దు. చదునైన గట్టి నేల, చక్రాలకు అడ్డాలు, నాలుగు స్టాండ్లు, ఎక్కాక కారును గట్టిగా ఊపి చూడటం. ఇందులో ఏ ఒక్కటి లేకపోయినా ఈ భాగం వర్క్‌షాపుకు వదిలేయండి. మూసిన గదిలో ఇంజిన్ నడపొద్దు.

ఇంజిన్ నడుపుతూ, చక్రాలు గాల్లో తిప్పి కింద వినే పని ఇంట్లో వద్దు. ప్రమాదం ఒక్కటే కాదు, ఫలితం కూడా తప్పుదారి పట్టిస్తుంది. ఒక చక్రం ఆగితే డిఫరెన్షియల్ రెండోదాన్ని రెట్టింపు వేగంతో తిప్పుతుంది. వేలాడే సస్పెన్షన్ వల్ల సీవీ జాయింట్లు వంకరగా ఉండి లేని చప్పుడు చేస్తాయి. దీనికి బదులు ఇంజిన్ ఆపి, చక్రాన్ని చేత్తో తిప్పుతూ రెండో చెయ్యి సస్పెన్షన్ స్ప్రింగు మీద పెట్టండి. పాడైన వీల్ బేరింగు గరుకు ఆ స్ప్రింగులోంచి వేళ్లకు స్పష్టంగా తెలుస్తుంది.

మాన్యువల్ గేర్‌బాక్స్‌లో ఆయిల్ తీయాలంటే ఒక నియమం: ముందు నింపే బిరడా విప్పండి, అది వచ్చాకే కింది డ్రెయిన్ బిరడా. పాత కారులో నింపే బిరడా తుప్పు పట్టి బిగుసుకుపోవడం సర్వసాధారణం. కింది నుంచి ఆయిల్ మొత్తం కార్చేశాక పైది రాకపోతే కారు అక్కడే ఆగిపోతుంది. చాలా గేర్‌బాక్సుల్లో లెవెల్ ఆ పై రంధ్రం అంచు వరకు ఉండాలి. వేలు పెట్టి లోపలికి వంచితే తడి తగలాలి. తగలకపోతే ఆయిల్ ఎటు పోయిందో వెతకండి: యాక్సిల్ సీళ్లు, బెల్ హౌసింగ్ కింద, గేర్ లింకు సీలు. గాలి పోయే బ్రీదరు మట్టితో మూసుకుపోతే వేడికి లోపలి ఒత్తిడి పెరిగి మంచి సీళ్ల నుంచి కూడా ఆయిల్ తోసేస్తుంది. సీలు మార్చినా మళ్లీ కారుతుంటే బ్రీదరు చూడండి.

కొద్దిసేపు నడిపి ఆయిల్ గోరువెచ్చగా ఉన్నప్పుడు తీసి, పాత తెల్లటి గుడ్డ మీదుగా వడకట్టండి. డ్రెయిన్ బిరడా కొసన అయస్కాంతం ఉంటే దాని మీద బూడిదరంగు ముద్ద కనిపిస్తుంది. దాన్ని బొటనవేలు, చూపుడువేలు మధ్య రుద్ది చూడండి. కాటుకలా మెత్తగా పాకి, గరుకు తగలకపోతే ఏళ్ల తరబడి పళ్లు రాసుకున్న మామూలు అరుగుదల అది. వేళ్లకు ముక్కలు గుచ్చుకుంటే బేరింగు పొరలు లేస్తున్నాయి. సన్నటి సూదిలాంటి కడ్డీ దొరికితే సూది బేరింగు చెదిరింది. మూలలున్న మందపాటి ముక్క పన్నుదే అయ్యుంటుంది. గుడ్డను ఎండలో పెట్టి అటూ ఇటూ వంచండి. పసుపుపచ్చగా మెరిసే పొడి అయస్కాంతానికి అంటదు, అది ఇత్తడి సింక్రో రింగులది. కొద్దిగా ఉంటే సహజం, గుడ్డంతా మెరుస్తుంటే రింగుల పని అయిపోయింది. ఆ గుడ్డను, బిరడాను ఫోటో తీసి ఉంచుకోండి.

కొత్త ఆయిల్ విషయంలో సర్వీస్ మాన్యువల్‌లో రాసిన గ్రేడే పోయండి. ఇత్తడి సింక్రోలున్న పాత గేర్‌బాక్సులకు సాధారణంగా జీఎల్-4 (గేర్ ఆయిల్ శ్రేణి) చెప్తారు. జీఎల్-5లోని గంధకం ఎక్కువున్న కొన్ని మిశ్రమాలు ఇత్తడిని తినొచ్చు, మరీ జారుడుగా ఉండి సింక్రోను పట్టనివ్వవు. వెనక డిఫరెన్షియల్‌కు మాత్రం చాలాచోట్ల జీఎల్-5నే అడుగుతారు. కొన్ని మాన్యువల్ గేర్‌బాక్సులకు ఆటోమేటిక్ ఫ్లూయిడో, ఇంజిన్ ఆయిలో పోయాలి. మోత అణచడానికి చిక్కటి ఆయిల్ పోసే పద్ధతి నాకు అస్సలు నచ్చదు. మోత తగ్గుతుంది, అరుగుదల ఆగదు. పాత కారు కొనేవాళ్లు ఇది గుర్తుంచుకుని చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, బాగా వేడెక్కాక ఒకసారి నడిపి చూడాలి.

ఏది ఆగుతుంది, ఏది ఆగదు

ఆయిల్ లేకుండా ఊళ పెడుతున్న గేర్‌బాక్స్, పాలలా మారిన ఫ్లూయిడ్, లోహపు ముక్కలతో పాటు లయగా కొట్టుకునే చప్పుడు, గేరు లాక్ అవడం: వీటిలో ఏదైనా ఉంటే కారును లారీ మీద ఎక్కించి తీసుకెళ్లండి. తాడు కట్టి లాగొద్దు. ముఖ్యంగా ఆటోమేటిక్‌లో ఇంజిన్ ఆగి ఉంటే పంపు తిరగదు, నడిచే చక్రాలు నేల మీద దొర్లితే లోపలి భాగాలు ఎండి కాలిపోతాయి.

రిలీజ్ బేరింగు కొన్నాళ్లు లాగొచ్చు, కానీ అది విరిగిన రోజు క్లచ్ పనిచేయదు కాబట్టి దూరప్రయాణం పెట్టుకోవద్దు. ఇన్‌పుట్, కౌంటర్ షాఫ్ట్ బేరింగుల గరగరను నెలల తరబడి ఓర్చుకోవడం నష్టం. బేరింగు వదులైతే షాఫ్టు పక్కకు జరిగి బాగున్న పళ్లను కూడా తినేస్తుంది. బేరింగు మార్పుతో పోయేది మొత్తం గేర్‌బాక్స్ మార్పుగా మారేది ఇలాగే. రివర్స్ ఊళ, నెమ్మది వేగంలో చిన్న గలగల, ఏళ్లుగా ఒకే స్థాయిలో ఉన్న సన్నటి ఊళ ఉంటే ఆయిల్ చూసుకుంటూ నడుపుకోవచ్చు. రెండో గేరు సింక్రో అరిగితే తొందరపడకుండా నెమ్మదిగా గేరు వేస్తే చాలాకాలం నెట్టుకురావచ్చు.

మెకానిక్ దగ్గర

‘ఇన్‌పుట్ బేరింగు పోయింది, మార్చండి’ అని తీర్పుతో వెళ్లొద్దు. ‘న్యూట్రల్‌లో గరగరమంటోంది, క్లచ్ తొక్కితే రెండు క్షణాల్లో ఆగిపోతోంది, నాలుగో గేరులో మోత లేదు’ అని చెప్పి కాగితం, రికార్డింగు చూపించండి. మంచి మెకానిక్ ఆ మూడు ముక్కలతోనే దారిలో పడతాడు. ఆయన పక్కన కూర్చుని ఒక చుట్టు నడిపించి, మీరు వింటున్న చప్పుడే ఆయనకూ వినిపించిందని నిర్ధారించుకోండి. ఇద్దరూ రెండు వేర్వేరు చప్పుళ్ల గురించి మాట్లాడుకునే అవకాశం చాలా ఎక్కువ.

దించడం తప్పదని తేలితే క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగు, ఉంటే పైలట్ బేరింగు, క్రాంక్ షాఫ్ట్ వెనక ఆయిల్ సీలు ఏ స్థితిలో ఉన్నాయో అప్పుడే చూపించమనండి. వీటిలో ఏది తర్వాత పోయినా మళ్లీ అదే దించుడు, అదే కూలి. తీసిన పాత భాగాలు మీకే ఇవ్వమని పనికి ముందే చెప్పండి. కారు తిరిగి వచ్చాక మొదటి కొన్ని వందల కిలోమీటర్ల తర్వాత ఆయిల్ లెవెల్ ఇంకోసారి చూసి, యాక్సిల్ సీళ్ల దగ్గర కొత్త తడి ఉందేమో వేలితో తడిమి చూడండి.